జీతం లక్షల్లో వస్తున్నా పైలట్లకు యాజమాన్యంతో గొడవ దేనికి?

ప్రశ్న: మాది కడప. మా తమ్ముడు ఒక విమాన సంస్థలో కో-పైలట్. నెలకు లక్షల్లో జీతం. అయినా ఎప్పుడు ఫోన్ చేసినా యాజమాన్యం మీద విసుక్కోవడమే. ఇప్పుడు కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టమంటున్నారట. పెట్టాలా వద్దా అని టెన్షన్‌తో సరిగ్గా తిండి కూడా తినడం లేదు. అంత జీతం తీసుకునేవాళ్ళకు గొడవ దేనికి? వాణ్ణి యూనియన్‌లో చేరమనాలా, దూరంగా ఉండమనాలా?

జవాబు:

అమ్మా, నాది అనంతపురం. ఇరవై రెండేళ్ళు విమానాలు నడిపాను. ఆ తర్వాత బీపీతో మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పోయి ఇంటికొచ్చేశాను. అందులో నాలుగేళ్ళు పైలట్ల కమిటీ తరఫున యాజమాన్యానికి ఎదురుగా కూర్చున్నాను. కాబట్టి నేను చెప్పేది ఒక పక్షం వాడి మాట అనే అనుకుని చదవండి.

మీరు అడిగిందే మా పెద్దమ్మ కూడా అడిగేది. "ఏమప్పా, కలెక్టరు కంటే ఎక్కువ జీతం తీసుకుంటా ఇంకా కొట్లాట ఏంది మీకు?" అని. ఆమెకు నేను చేను లెక్కలో చెప్పాను. మీకూ అలాగే చెప్తాను.

మన సీమలో చేను ఇంకొకరికి ఇస్తే గుత్తకిస్తాం, లేదా కోరుకిస్తాం. గుత్తకిస్తే వాన పడినా పడకపోయినా మాట్లాడుకున్న డబ్బు మనకు రావాలి. కోరుకిస్తే పండినదాంట్లో భాగం, ఎండిపోతే మనకూ ఎండిపోయినట్టే. పైలట్ జీతంలో ఒక భాగం స్థిరం. రెండో భాగం ఎగిరిన గంటలకు వచ్చే అలవెన్సు. ఈ రెండో దాంట్లోనే 'గ్యారంటీ గంటలు' అని ఒకటుంటుంది. నెలలో కంపెనీ మనల్ని ఎన్ని గంటలు తిప్పినా, అసలు తిప్పకపోయినా, అన్ని గంటల డబ్బు ఇచ్చి తీరాలి. అది గుత్త. ఎయిర్ ఇండియాలో కోవిడ్‌కు ముందు అది 70 గంటలుండేది. టాటాల చేతికి వచ్చాక, 2023 ఏప్రిల్‌లో తెచ్చిన కొత్త జీతాల పద్ధతిలో 40 గంటలు చేశారు. 1500 మందికి పైగా పైలట్లు రతన్ టాటాకు విజ్ఞప్తి రాసుకున్నారు. మరుసటి ఏడాది విస్తారా అనే ఇంకో విమాన సంస్థను అందులో కలిపే ముందు అక్కడి పైలట్లకూ అదే 40 గంటల కాంట్రాక్టు పంపారు. 2024 ఏప్రిల్ మొదటి వారంలో పైలట్లు చాలక విమానాలు వరసగా రద్దయ్యాయి. చివరికి విస్తారా రోజుకు పాతిక ముప్ఫై విమానాలు, అంటే దాదాపు పది శాతం, తగ్గించుకోవాల్సి వచ్చింది.

లెక్క తేలిక. గంటకు 5 వేలు అనుకుందాం. 70 గంటలకు మూడున్నర లక్షలు, 40కి రెండు లక్షలు. కంపెనీ వాళ్ళు, "నువ్వు 75 గంటలు ఎగిరితే 75కీ ఇస్తాం కదా, నష్టమేముంది?" అంటారు. నిజమే, ఎగిరితే ఇస్తారు. కానీ ఎన్ని గంటలు ఎగరాలో నిర్ణయించేది నేను కాదు. ఇంజిన్లు రాక విమానాలు షెడ్డులో ఉన్నా, కంపెనీ రూట్లు తగ్గించుకున్నా, అవసరానికి మించి పైలట్లను తీసుకున్నా నా గంటలు తగ్గుతాయి. వాన ఎప్పుడు పడాలో కౌలుదారు చేతుల్లోనే ఉండి, ఇక నుంచి గుత్త కాదు కోరు అంటే మా పెద్దమ్మ ఊరుకుంటుందా? "ఓహో, అదా సంగతి" అని ఆమె కాఫీ పెట్టడానికి లేచింది.

నిజం చెప్పాలంటే నా సర్వీసులో పైలట్లు డబ్బు కంటే రోస్టర్ గురించే, అంటే ఎవరికి ఏ రోజు ఏ డ్యూటీ అనే పట్టీ గురించే, ఎక్కువ తిట్టుకున్నారు. ఒక రాత్రి సంగతి చెప్తాను. మా నాయన మొదటి సంవత్సరీకం. నెలన్నర ముందే సెలవు అడిగాను, "చూద్దాం సార్" అన్నారు. చివరికి సెలవు రాలేదు, స్టాండ్‌బై, అంటే పిలిస్తే వెళ్ళడానికి సిద్ధంగా ఉండాల్సిన డ్యూటీ, పడింది. సరే, బెంగళూరు నుంచి అనంతపురం ఎంత, నాలుగు గంటల దారి, మధ్యాహ్నానికి వదిలితే చాలనుకున్నాను. రాత్రి 9:40కి షెడ్యూలింగ్ నుంచి ఫోన్. "సార్, పొద్దున ఆరు గంటల స్టాండ్‌బై మార్చాం, 2:15కి రిపోర్టింగ్, పికప్ 1 గంటకు." అప్పటిదాకా మేలుకుని ఉన్నవాడికి అప్పటికప్పుడు నిద్ర ఎక్కడి నుంచి వస్తుంది? కళ్ళు మూసుకుని పడుకున్నాను, అంతే. రెండు సెక్టార్లు, అంటే ఒకసారి పోవడం, ఒకసారి రావడం. తిరుగు సెక్టార్లో దిగడం మొదలుపెట్టే ముందు, పక్కనున్న కో-పైలట్ కుర్రాణ్ణి అప్పుడు చదవాల్సిన చెక్‌లిస్ట్ చదవమన్నాను. చదివాడు. అర నిమిషం తర్వాత అదే చెక్‌లిస్ట్ మళ్ళీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు. చదివేసిన సంగతి వాడికి గుర్తు లేదు. ఇంకా భయం ఏమిటంటే, వాడు రెండోసారి సగం చదివేదాకా నాకూ తట్టలేదు. ముందు ట్రేలో వేడినీళ్ళు పోసిన కప్పు ఉప్మా గట్టిపడిపోయి ఉంది. వెనక 180 మంది నిద్రపోతున్నారు.

దిగాక ఫెటీగ్ రిపోర్ట్, అంటే అలసటతో నడపాల్సి వచ్చిందని కంపెనీకి చెప్పే కాగితం, రాశాను. ఆరు రోజుల తర్వాత కంపెనీ నుంచి ఈమెయిల్: "విశ్రాంతి సమయాన్ని మీరు ఎలా గడిపారో వివరించండి." అన్ని నిబంధనలూ పాటించారట. కాగితం మీద నిజంగానే పాటించారు. సంవత్సరీకం మా తమ్ముడు పెట్టాడు. నేను ఊరు చేరేసరికి విస్తళ్ళు ఎత్తేశారు.

ఆ కాగితం మీది నిబంధనలనే ఎఫ్‌డీటీఎల్ అంటారు. పైలట్ ఎంతసేపు డ్యూటీ చేయవచ్చు, ఎంత విశ్రాంతి ఉండాలి అనేవి విమానాల మీద ప్రభుత్వ నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే హద్దులు. మనిషి ఒళ్ళు రాత్రి రెండు నుంచి ఆరు మధ్య అడుగంటుతుంది. ఎంత అలవాటైనవాడికైనా ఆ సమయంలో తప్పులు ఎక్కువ. 2024 జనవరిలో డీజీసీఏ కొత్త నిబంధనలు తెచ్చింది. వారానికి 36 గంటల విశ్రాంతి 48 అయింది, రాత్రి అంటే అర్ధరాత్రి నుంచి ఆరు దాకా అన్నారు, రాత్రివేళ ల్యాండింగులు ఆరు ఉండేవి రెండుకు తగ్గాయి. ఆ జూన్ నుంచే అమలు కావాల్సింది. విమాన సంస్థలు కుదరదన్నాయి, వాయిదా పడింది, పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళాయి. చివరికి 2025 జూలై 1 నుంచి కొన్ని, నవంబర్ 1 నుంచి మిగిలినవి అమల్లోకి వచ్చాయి.

ఆ డిసెంబర్లో జరిగింది మీరూ టీవీలో చూసే ఉంటారు. ఇండిగో దగ్గర కొత్త రోస్టర్‌కు సరిపడా పైలట్లు లేరు. డిసెంబర్ 5న ఒక్క రోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. ఎయిర్‌పోర్టుల్లో సూట్‌కేసుల గుట్టలు, పెళ్ళిళ్ళకు అందనివాళ్ళు, ఏడుస్తున్న పిల్లలు. ఆ సమయంలో చాలామంది అన్న మాట, "పైలట్లకు విశ్రాంతి ఎక్కువైంది, అందుకే ఇదంతా" అని. నాకు ఒళ్ళు మండింది. నిబంధన వచ్చి అప్పటికి దాదాపు రెండేళ్ళు. ఒక కో-పైలట్‌ను చేర్చుకుని, శిక్షణ ఇచ్చి ప్రయాణికుల విమానం ఎక్కించడానికి నెలలు పడుతుందని, కెప్టెన్‌ను తయారు చేయడానికి ఏళ్ళు పడుతుందని విమాన సంస్థ నడిపేవాళ్ళకు ఒకరు చెప్పాలా? ఎంతమంది కావాలో లెక్క వేసుకోవాల్సింది యాజమాన్యం. ఆ లెక్క తప్పితే కౌంటర్ దగ్గర తిట్లు తిన్నది గ్రౌండ్ స్టాఫ్ ఆడపిల్లలు, వాట్సాప్‌లో తిట్లు తిన్నది పైలట్లు. డీజీసీఏ రాత్రి డ్యూటీ నిబంధనల్లో ఇండిగోకు 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చింది. కోర్టు చుట్టూ తిరిగి తెచ్చుకున్నది ఇలా పక్కన పెట్టగలరని తెలిశాక మీ తమ్ముడిలాంటివాళ్ళు విసుక్కోక ఏం చేస్తారు?

ఇక చర్చల సంగతి. బయటివాళ్ళు ఏదో హోరాహోరీగా బేరం నడుస్తుందనుకుంటారు. మా ఊళ్ళ పశువుల సంతలో బేరం చూశారా? బేరగాడు, రైతు తువాలు కింద చేతులు పెట్టుకుని, వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్ళకు కనిపించదు కానీ, వేలు పట్టుకున్నవాడికి మాట ఖాయం చేసే అధికారం ఉంటుంది. మా చర్చల్లో ఆ అధికారమే ఉండేది కాదు. మొదటిసారి హోటల్ హాల్లో కూర్చున్నాం. మా వైపు ఐదుగురం, ఇద్దరు రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చారు, యూనిఫాం చొక్కా మీద స్వెట్టర్ వేసుకుని. మా కాగితం మీద పద్నాలుగు అంశాలు. వాళ్ళ వైపు హెచ్‌ఆర్ నుంచి ముగ్గురు, ఒక లాయరు, ఒక ప్రెజెంటేషన్. కంపెనీ ఎంత కష్టాల్లో ఉందో నలభై నిమిషాలు చూపించారు. మేం అడిగిన ప్రతిదానికీ ఒకటే జవాబు: "నోట్ చేసుకున్నాం, పైవాళ్ళతో మాట్లాడి చెప్తాం." పైవాళ్ళెవరో ఏనాడూ ఆ హాల్లోకి రాలేదు. మూడు నెలల్లో నాలుగుసార్లు కూర్చున్నాం. ప్రతిసారీ అవే జీడిపప్పు బిస్కెట్లు. నాలుగోసారి కూర్చున్న మర్నాడు పొద్దున పైలట్లందరికీ ఒక్కొక్కరికి విడివిడిగా ఈమెయిల్ వచ్చింది. కొత్త కాంట్రాక్టు, కింద 'అంగీకరిస్తున్నాను' అని ఒక మీట, ఐదు రోజుల గడువు. మా పద్నాలుగు అంశాల్లో అందులో ఉన్నవి రెండు. అందులో ఒకటి యూనిఫాం ఉతికించుకునే డబ్బులు.

ఆ మీటను మొదటి రోజే నొక్కినవాళ్ళు ఎవరు? కొత్తగా చేరిన కో-పైలట్లు. వాళ్ళను నేను తప్పు పట్టను. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి, దానికి లక్షలకు లక్షలు. ఆపైన ఫలానా విమానం నడపడానికి టైప్ రేటింగ్, దానికి మళ్ళీ లక్షలు, దాని మీద కంపెనీ బాండ్, అంటే ఇన్నేళ్ళలోపు వదిలిపోతే ఇంత డబ్బు కట్టాలనే కాగితం. మా నాయన నా కోసం శింగనమల దగ్గర నాలుగెకరాలు అమ్మాడు. అలా వచ్చిన కుర్రాడు ఈఎంఐ తేదీ చూసుకుంటాడా, యూనియన్ మాట వింటాడా? యాజమాన్యానికి ఆ సంగతి మాకంటే బాగా తెలుసు. అందుకే మూకుమ్మడిగా కాకుండా విడివిడిగా పంపుతారు.

మేం చేసిన తప్పులూ ఉన్నాయి. వాటిలో పెద్దది 2012. ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ 2007లో కలిశాయి. విలీనం కాగితం మీదే, లోపల రెండు పైలట్ల సంఘాలు, రెండు జీతాలు, రెండు సీనియారిటీ జాబితాలు. పైలట్ జీవితంలో సీనియారిటీ నంబరే సర్వస్వం. ఎప్పుడు కెప్టెన్ అవుతాడు, ఏ విమానం, ఏ ఊరు, దీపావళికి ఇంట్లో ఉంటాడా లేదా, అన్నీ ఆ నంబరుతోనే. రెండు జాబితాలు కలిపేటప్పుడు ఒకడు పైకి పోతే ఇంకొకడు కిందికి జారాల్సిందే. 2011లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ వైపు పైలట్లు, ఎయిర్ ఇండియా పైలట్లతో సమానంగా జీతం కావాలని పది రోజులు సమ్మె చేశారు. వాళ్ళ సంఘం గుర్తింపు రద్దు చేశారు. 2012లో ఎయిర్ ఇండియా వైపు పైలట్లు సమ్మెకు దిగారు. కారణం, కొత్తగా వస్తున్న బోయింగ్ 787 శిక్షణ ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లకూ ఇస్తున్నారని. 58 రోజులు. 101 మందిని తీసేశారు. జూలై 3న, వాళ్ళ విషయం సానుభూతితో చూస్తామన్న మాట మీద సమ్మె విరమించారు.

వాళ్ళ భయం నాకు అర్థమైంది. కానీ పైలట్ తోటి పైలట్ శిక్షణను ఆపమని సమ్మె చేస్తే ప్రయాణికుడు ఎవరి వైపు నిలబడతాడు? ఐదేళ్ళు రెండు జాబితాలను తేల్చకుండా వదిలేసిన యాజమాన్యం ఆ రెండు నెలలూ చేతులు కట్టుకుని కూర్చుంది, జనం పైలట్లనే తిట్టారు. దానికంటే 2009 సెప్టెంబర్లో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు చేసింది నయం. సంఘం పెట్టారని ఇద్దరిని తీసేస్తే, వందల మంది ఒకేసారి సిక్ లీవ్ పెట్టి వారంలోపే వాళ్ళను వెనక్కి తెచ్చుకున్నారు. అడిగింది ఒక్కటే, అందరికీ అర్థమయ్యేది. పదేళ్ళకు ఆ కంపెనీయే జీతాలు ఆపి, 2019 ఏప్రిల్‌లో మూతపడింది, అది వేరే కథ.

కంపెనీ మూతపడటం అంటే మన కడపవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2015లో మీ ఎయిర్‌పోర్టు మళ్ళీ తెరిచినప్పుడు ఎయిర్ పెగాసస్ వచ్చింది, ఏడాది తిరిగేసరికి ఆగిపోయింది. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్ళకు విమానాలు నడిపే కేంద్ర పథకం ఉడాన్ మొదలైన రోజు తొలి విమానాల్లో కడప–హైదరాబాద్ ఒకటి, ట్రూజెట్ నడిపింది. 2022లో అదీ ఆగింది. ప్రయాణికుడికి బస్సో రైలో ఉంటుంది. ఆ రెండు కంపెనీలూ నడిపిన ఏటీఆర్ అనే చిన్న విమానం మాత్రమే నడపడం తెలిసిన పైలట్‌కు ఆ విమానాలున్న కంపెనీలు దేశంలో ఎన్ని?

చట్టం ఏమంటుందో చెప్తాను. అమెరికాలో విమాన ఉద్యోగుల చర్చలకు రైల్వే లేబర్ చట్టం ఉంది, 1926 నాటిది, విమానాలకు 1936లో వర్తింపజేశారు. అక్కడ కాంట్రాక్టు గడువు తీరినా చచ్చిపోదు, కొత్తది కుదిరేదాకా పాతదే నడుస్తుంది. మధ్యవర్తి కూర్చుంటాడు, ఆయన వదిలాక 30 రోజులు ఆగాలి, ఆ తర్వాతే సమ్మె. ఏళ్ళ తరబడి సాగుతుందని అక్కడి పైలట్లకూ విసుగే. కానీ పొద్దున్నే ఈమెయిల్ పంపి జీతం మార్చేయడం కుదరదు. 2023లో అక్కడి డెల్టా విమాన సంస్థ పైలట్లు నాలుగేళ్ళలో 34 శాతం పెంపు తెచ్చుకున్నది ఆ పద్ధతిలోనే.

మన దగ్గర మొదటి వాదనే "పైలట్ అసలు కార్మికుడా?" అని. కెప్టెన్ విమానంలో అందరికీ పైవాడు కాబట్టి సూపర్‌వైజర్ అని యాజమాన్యాల లాయర్లు వాదిస్తారు. ఢిల్లీ హైకోర్టు పైలట్ కార్మికుడే అని చెప్పింది. ఇప్పుడు 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి. 51 శాతం సభ్యులున్న యూనియన్ ఉంటే దానితోనే చర్చలు, సమ్మెకు 14 రోజుల నోటీసు. సగం మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఒకేసారి క్యాజువల్ లీవ్ పెడితే అదీ సమ్మె కిందికే వస్తుంది. రాజీనామా చేసి పోదామా అంటే, 2017 నుంచి డీజీసీఏ నిబంధన ప్రకారం కెప్టెన్ ఏడాది, కో-పైలట్ ఆరు నెలలు నోటీసు ఇవ్వాలి. ఏడాది తర్వాత వచ్చేవాడి కోసం పక్క కంపెనీ కుర్చీ ఖాళీగా ఉంచుతుందా? హఠాత్తుగా పైలట్లు వెళ్ళిపోతే ప్రయాణికులు ఇబ్బంది పడతారన్నది నిజమే, కాదనను. కానీ బేరంలో ఒక పక్షం లేచి వెళ్ళిపోలేదని తెలిస్తే రెండో పక్షం ధర ఎందుకు పెంచుతుంది?

మీ తమ్ముడి కాంట్రాక్టు విషయానికొస్తే, జీతం అంకె చివర చూడమనండి. ముందు గ్యారంటీ గంటలు ఎన్నో చూడాలి. బాండ్ మొత్తం ఏటా తగ్గుతుందా, చివరి రోజు దాకా అంతే ఉంటుందా చూడాలి. మెడికల్ పోతే ఏమిస్తారో చూడాలి. నాకు ముప్ఫై ఏళ్ళప్పుడు ఆ పేజీ చదవకుండా సంతకం పెట్టాను, నలభై ఎనిమిదేళ్ళప్పుడు చదివాను. అన్నిటికంటే ముఖ్యం, 'కంపెనీ ఎప్పటికప్పుడు సవరించే విధానాల ప్రకారం' అనే మాట ఎన్నిచోట్ల ఉందో పెన్సిల్‌తో గుండ్రాలు చుట్టమనండి. ఆ మాట ఉన్నచోట కాంట్రాక్టు లేనట్టే. ఆ గుండ్రాల గురించి హెచ్‌ఆర్‌ను ఈమెయిల్‌లోనే అడగాలి, ఫోన్‌లో కాదు. జవాబు రాకపోయినా అడిగినట్టు ఉంటుంది.

యూనియన్‌లో చేరమనండి. చందా కట్టి ఊరుకోకుండా మీటింగులకు పోవాలి, లేకపోతే నాలాంటి ముసలి కెప్టెన్లు తమ సీనియారిటీ గురించే మాట్లాడి లేచిపోతారు. కో-పైలట్ల బాండ్ గురించి మా పద్నాలుగు అంశాల్లో ఒక్కటీ లేదు. వాళ్ళు మొదటి రోజే మీట నొక్కారంటే అందులో మా పాలూ ఉంది.

అలసిపోయిన రోజు ఫెటీగ్ రిపోర్ట్ రాయడం మాత్రం మానొద్దని చెప్పండి, ఎంత చికాకు పెట్టినా సరే. నాకొచ్చిన ఆ ఈమెయిల్ ప్రింటు ఇంకా నా బీరువాలో ఉంది.

గడువు ఎప్పటిదాకా ఉందో మీరు రాయలేదు. వారం ఉందంటే, కడప నుంచి బెంగళూరుకు మామూలుగా పోయే రాయచోటి దారి కాకుండా ఈసారి అనంతపురం మీదుగా రమ్మనండి, కాగితాలన్నీ తీసుకుని, అనుబంధాలతో సహా. సప్తగిరి సర్కిల్ దగ్గర దిగి ఫోన్ చేస్తే నేనే వచ్చి తీసుకెళ్తాను. రాత్రి డ్యూటీ దిగిన రోజు మాత్రం వద్దు, ముందు నిద్రపోయి రమ్మనండి.